ఉచ్చీరప్ప అయిదేళ్ల రిపోర్టు

ఆ ఉదయం ఉచ్చీరప్ప పెట్టుకున్న పని ఒక్కటే. పత్తి ట్రాక్టరుకెత్తించి, వేలం మొదలయ్యేలోపు ఆదోని మార్కెట్ యార్డుకు చేరాలి. ఎమ్మిగనూరు శివార్లలోని తన వీధిలో ఆఖరి మూట ఎక్కిస్తుండగా ఇంటి ముందు అంబులెన్సు ఆగింది. ఫైలు పట్టుకున్న అమ్మాయి ఒకతె దిగి, తన పేరు రూప అనీ, హైదరాబాదు ఆసుపత్రి నుంచి వచ్చాననీ చెప్పింది.

"బయల్దేరండి సార్. రేపు పొద్దున్నే ఆపరేషను."

"ఎవురికి?"

"మీకే. మూత్రం కారకుండా లోపల చిన్న పరికరం పెడతారు."

ఉచ్చీరప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయిదేళ్ల కిందట ఆ ఆసుపత్రిలోనే ప్రోస్టేటు క్యాన్సరుకు రోబోతో ఆపరేషను చేయించుకున్నాడు. నాలుగు నెలలు మూత్రం ఆగక ప్యాడ్లు కట్టుకున్నాడు. ఆ తర్వాత ఒక్క చుక్క కారలేదు. రక్తపరీక్షలో క్యాన్సరు జాడే లేదు.

"నాకేం రోగమని మళ్లీ కోస్తారు?"

రూప ఫైలు తెరిచింది. ఆపరేషను అయినవాళ్లు ఏళ్లు గడిచాక ఎలా ఉన్నారో ఆరు నెలలకోసారి ఫోనులో కనుక్కుని రాయడం ఆమె ఉద్యోగం. "రోజుకు ఆరు ప్యాడ్లు. దగ్గితే కారుతుంది, నవ్వితే కారుతుంది. నాలుగు వందల మందిలో మీ పరిస్థితే అధ్వానం సార్. మీ పేరు వింటే డాక్టరుగారు అన్నం మానేస్తున్నారు. పోయిన వారం ఫోను చేస్తే అమ్మగారు సరే, రమ్మన్నారు కదా."

అమ్మగారంటే సుంకమ్మ. రూప ఫోను చేసి మూత్రం అన్న మాట ఎత్తగానే, ఉచ్చీరప్ప ఫోను పెళ్లాం ఒళ్లోకి విసిరేసి చేనుకు పోయేవాడు. జవాబులన్నీ ఆమెవే. ఇప్పుడామె గడపలో కూర్చుని తలెత్తకుండా వేరుశనగ చెరుగుతోంది.

"ఆరు గాదు, ఒకటి గూడా లేదు," అని అరిచాడు ఉచ్చీరప్ప.

రూప 'కోపం ఎక్కువగా ఉంది' అని రాసుకుంది. "మగవాళ్లు సిగ్గుతో దాస్తారు సార్. అందుకే మేం భార్యల మాటే నమ్ముతాం."

"పక్కింటోన్ని నమ్ముతావా? అయ్యన్నా, సెప్పు ఈయమ్మకు."

అరుగు మీద బీడీ కాలుస్తున్న అయ్యన్న జాలిగా చూశాడు. "ఏం సెప్పల్లప్పా. పగలు మగోని మాదిరి తిరుగుతాండావు గానీ, తెల్లారేసరికి పక్కంతా తడుపుతావంట గదా. సుంకమ్మక్క మా ఇంటిదానికి సెప్పుకోని ఏడ్సింది."

వీధిలో చేరిన ఆడవాళ్లంతా అవునన్నట్టు తలలూపారు. రూప మరో కాగితం తిప్పింది. ఉచ్చీరప్ప సుంకమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు.

"ఏమ్మే, నన్ను కోయిచ్చేదానికి ఎన్నాళ్లనుంచి కాసుకోనుండావు?"

"మెల్లగా మాట్లాడు," అంది సుంకమ్మ. "వెనకింటి తిరుపాలు ఏం జేసినాడు? జబ్బు నయమాయెనని బజార్లో రొమ్ము తట్టుకోని తిరిగె. మూడు నెల్లకు పాడెక్కె. బాగుండాడంటే దిష్టి తగల్దా? బాగలేదంటేనే మనిషి నిలుస్తాడు. అయిదేండ్లు నిన్ను నిలబెట్టింది ఆ మిషనా, నేనా?"

"ఫోన్లో పిల్లకు ఏం దిష్టుంటాది?"

"ఆ పిల్ల రాసేది దేశంలో డాక్టర్లంతా సదువుతారంట. అన్ని కండ్లు పడితే ఆగుతావా నువ్వు?"

ఉచ్చీరప్ప పళ్లు కొరుకుతూ ఆమెను బయటికి నడిపించాడు. ఉన్న సంగతి రూప చెవిలో చెప్పక సుంకమ్మకు తప్పలేదు. రూప నోరెళ్లబెట్టింది. నమ్మకం కుదరక, దగ్గమంది. గుంజీలు తీయమంది. ఉచ్చీరప్ప మండిపడుతూ పత్తి మూట భుజానికెత్తి పదిసార్లు దగ్గాడు. వీధి వీధంతా వంగి పంచె చూసింది. పొడిగా ఉంది.

రూప డాక్టరుకు ఫోను చేసింది. అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. "ఆపరేషను రద్దు చెయ్యమ్మా. పూర్తిగా బాగున్నానని అతని నోటితో ఒక్క మాట రికార్డు చేసి పంపు, చాలు."

రూప ఫోను ఉచ్చీరప్ప మూతి దగ్గర పెట్టింది. సరిగ్గా అప్పుడే అయ్యన్న నోరారా అన్నాడు, "అరవై నాలుగేండ్లకు ఏం గట్టిగుండాడప్పా. ఇట్లాంటోన్ని నేను యాడా సూల్లేదు."

వీధిలోని కళ్లన్నీ ఒక్కసారిగా ఉచ్చీరప్ప ఒంటి మీద వాలాయి. మూట మెల్లగా కిందికి దించాడు. పాడె మీద పోయిన తిరుపాలు కళ్ల ముందు మెదిలాడు. సుంకమ్మ రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"చెప్పండి సార్. ఎలా ఉన్నారు?"

ఉచ్చీరప్ప నడుం పట్టుకుని దీర్ఘంగా మూలిగాడు.

"ఏం బాగులే పాపా. శానా కష్టంగా ఉండాది."

సుంకమ్మ తేలిగ్గా ఊపిరి వదిలింది. డ్రైవరు దిగివచ్చి అంబులెన్సు వెనక తలుపు తీశాడు.