బోరింగు నీళ్ల టీ

డాక్ కూలీల నాయకుడు మృత్యుంజయ బాబు ఎవరింట్లో భోంచేస్తే వాడి పేరు యూనియన్ ఆఫీసు జాబితాలో పైకి లేస్తుందని కలకత్తా వాట్‌గంజ్ బస్తీలో అందరికీ తెలుసు. అందుకే ఆయన్ని భోజనానికి పిలిచిన ఆ ఆదివారం గవరయ్య పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, పెళ్లాన్ని కూడా లేపాడు. పెళ్లయిన నాటినుంచీ అతను డాక్‌లో రోజుకూలీయే. బస్తాలు మోసి మోసి మెడ వంగిపోయింది. ఇప్పుడు ఒక్క పర్మినెంటు ఖాళీ పడింది. ఇది తప్పిపోతే ఇంకోటి వచ్చేదాకా ఆ మెడ ఆగదని అతని భయం.

“ముందల టీ, తరవాత పప్పుచారు, సేపలేపుడు. అంతే గదా మావా?” అంది జగ్గమ్మ.

“అంతే. ఏటీ తేడా రాకూడదు.”

తేడా నీళ్లలోనే వచ్చింది. ఆ పూట వీధి కుళాయి రాలేదు. జగ్గమ్మ సందు చివర కొత్తగా వేసిన బోరింగు కొట్టి బిందె నింపుకొచ్చింది. చూడ్డానికి నీళ్లు తేటగానే ఉన్నాయి. టీపొడి పడగానే మాత్రం కాటుకలా నల్లబడ్డాయి.

“ఓలమ్మో, కొట్టోడు కల్తీ పొడి ఇచ్చినాడు!” అని కొట్టువాణ్ణి వంశంతో సహా తిట్టి, గిన్నె తోమి మళ్లీ పెట్టింది. మళ్లీ నలుపే.

ఆ తిట్లు విని పక్కగది పోలిరాజు తొంగిచూశాడు. అతనూ రోజుకూలీయే, ఆ ఖాళీ మీద అతనికీ కన్నుంది. అయినా జగ్గమ్మని అక్క వరస కలిపి ‘అప్పా’ అని పిలిచే మనిషి. “నిమ్మకాయ పిండప్పా, తేరుకుంటాది,” అన్నాడు. పిండితే నిజంగానే తేరుకుని తేనెరంగుకి వచ్చింది. జగ్గమ్మ మురిసిపోయి, అలవాటు కొద్దీ పాలు పోసింది. పాలు కాస్తా విరిగి తెట్టెలు కట్టాయి.

అవతల స్టవ్ మీద కందిపప్పు ఎంతకీ మెత్తబడలేదు. “వంటసోడా ఎయ్యప్పా,” అన్నాడు పోలిరాజు. చిటికెడు చాలుననే ముక్క అతను చెప్పలేదు. ఆమె గుప్పెడు వేసింది.

పాపం, జగ్గమ్మ చేతిలో తప్పు లేదు. నీరు ఏ మట్టిలోంచి వస్తే ఆ మట్టిని కడుపులో పెట్టుకొస్తుంది. ఇనుమున్న నీరు టీలోని వగరుతో కలిస్తే సిరా అవుతుంది. సున్నమున్న నీటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగివ్వదు. ఇదంతా బడిపిల్లల పుస్తకాల్లో ఉన్నదే. కానీ బోరింగులు వేసే పెద్దలకు రిబ్బన్లు కత్తిరించడంలోనే పొద్దుపోతుంది.

మృత్యుంజయ బాబు రానే వచ్చాడు. కంగారులో గవరయ్య విరిగిన టీ దాచేసి, మళ్లీ కాచిన నల్లటిదే గ్లాసులో పోసి ఇచ్చాడు. ఆయన గ్లాసు వెలుతురులోకి ఎత్తి చూశాడు. బెంగాలీ, హిందీ కలగలిపి ఆయన అన్నదానికి అర్థం, “ఇది టీనా, సిరానా?” అని.

జగ్గమ్మ పరువు నిలబెట్టాలన్న తొందరలో గవరయ్య నిజం చెప్పేశాడు. “మా ఆడదాని తప్పు నేదు బాబూ! కొత్త బోరింగు నీలు!”

ఆ బోరింగు మొన్న దండలు వేయించుకుని ప్రారంభించింది మృత్యుంజయ బాబే. ఆయన పేరు దాని దిమ్మ మీద ఎర్రరంగుతో రాసి ఉంది. ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. “భోజనానికని పిలిచి అవమానిస్తావా? ఎవరు ఎక్కించారు నిన్ను? అవతలి పార్టీవాళ్లేనా?”

“ఏ పార్టీ నేదు బాబూ, నీలే!”

ఆ కేకలు విని లోపల జగ్గమ్మ పప్పు దగ్గరికి పరుగెత్తింది. భోజనం పెడితే బాబు చల్లబడతాడని, చింతపండు పులుసు గబగబా పప్పులో పోసింది. సోడా మీద పులుపు పడింది. పప్పు బుస్సుమని పొంగి స్టవ్‌ని ముంచేసింది. గదంతా కిరసనాయిలు పొగ. నిప్పంటుకుందని బస్తీ అంతా పరుగెత్తుకొచ్చింది.

నిప్పు లేదు గానీ బోరింగు మాట వినబడింది. ఎదుటి గది దాలమ్మ పసుపెక్కిన తెల్లచీర తెచ్చి బాబు ముందు పరిచింది. “సూడు దాదా, ఉతికితే ఇలగైపోనాది!” తలా ఒక ఫిర్యాదు అందుకున్నారు. వెనకనుంచి ఎవరో “చొల్బే నా!” అని, ఇక సాగదన్నట్టు బెంగాలీ నినాదం అరిచారు. జన్మంతా మేనేజర్లను ఘెరావ్ చేసిన మనిషి గవరయ్య గుమ్మంలో ఘెరావ్ అయిపోయాడు. గవరయ్య అందరికీ దండాలు పెట్టాడు, కాళ్లు పట్టుకున్నాడు. అతని మొర ఒక్కరి చెవినా పడలేదు.

అప్పుడు పోలిరాజు జనాన్ని తోసుకొచ్చి, బిందెలోంచి లోటాడు నీళ్లు ముంచి గటగటా తాగేశాడు. “కొబ్బరినీలు! ఇసుమంటి నీలు మా ఊర్లో కూడా నేవు!” అని, బాబు భుజం మీద చెయ్యేసి రిక్షా దాకా సాగనంపాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.

పర్మినెంటు పోలిరాజుకి వచ్చింది. మిఠాయి పట్టుకుని గవరయ్య గడపలోకి వచ్చి, తల వంచుకుని అన్నాడు. “నువ్వు నిజిమే సెప్పినావు బావా. నాను అబద్దమాడినాను. అందుకే నాకిచ్చినారు.”

గవరయ్యకి ఏడుపొచ్చింది. మిఠాయి నోట్లో పెట్టుకుని దాన్ని దిగమింగాడు.

పోలిరాజుకి డాక్ క్వార్టరు కూడా ఇచ్చారు. అక్కడ కుళాయి నీళ్లే.