అభిప్రాయాల పుస్తకంలో ఉడకని చేప

వీధి మలుపులో తెరిచిన కొత్త రెస్టారెంటు తొమ్మిది రోజుల్లోనే లోకంలోకెల్లా గొప్పదైపోయింది. నమ్మనివారు గల్లాపెట్టె పక్కనున్న అభిప్రాయాల పుస్తకం చూసుకోవచ్చు. "అమోఘం" అని పళ్ల డాక్టరూ, "అంతకంటే అమోఘం" అని హెడ్మాస్టరూ స్వదస్తూరితో రాసి సంతకాలు చేశారు. అంత గొప్పచోట మధ్యాహ్నం పూట ఈగ కూడా ఎందుకు వాలడం లేదో విచారించే తీరిక మాత్రం వీధిలో ఎవరికీ లేకపోయింది.

పదో రోజున ప్రూఫ్‌రీడరు భార్యాసమేతంగా విచ్చేశాడు. ప్రెస్సులో అచ్చుతప్పులు పట్టడం ఆయన వృత్తి. ఇంట్లో భార్య వంటలో తప్పులు పట్టడం ఆయన విశ్రాంతి. ఇరవై రెండేళ్ల కాపురంలో మొదటిసారి ఆవిడ, ఈ పూట పొయ్యి వెలిగించేది లేదని సెలవు ప్రకటించింది.

ముందు సూపు వచ్చింది, వేడిని వంటింట్లోనే మరిచిపోయి. బఠానీలు ఫోర్కు తగలగానే ఎగిరి పక్కబల్ల మీద పడ్డాయి. అక్కడ ఎవరూ లేరు గనుక ప్రాణనష్టం జరగలేదు. చేప పైన మాడింది. లోపల ఇంకా ఈదే ఉద్దేశంలోనే ఉంది. రొట్టెను ప్రూఫ్‌రీడరు రెండు చేతులా పట్టి వంచబోయాడు. రొట్టె వంగలేదు, ఆయనే వంగాడు.

అదే చేప ఇంట్లో కంచంలో పడి ఉంటే ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించేది. కానీ ఎదురుగా యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బస్సు కండక్టరు ఉద్యోగం వదులుకుని మరీ ఈ హోటలు పెట్టిన మనిషి. ఎలా ఉందండీ అని అడిగాడు.

ప్రూఫ్‌రీడరు నోట్లోని బఠానీని మాత్రలా మింగి, "పాకశాస్త్రానికి మీరు చేస్తున్న సేవ చిరస్మరణీయం" అని ప్రసంగించాడు. పుస్తకం తెప్పించుకుని, ఆ మాటే ఒక్క అక్షరదోషమైనా లేకుండా రాశాడు.

భార్య ఆయన చేతిలోంచి కలం తీసుకుంది. బల్లకింద ఆయన మోకాలు చేసుకున్న విజ్ఞప్తిని తోసిపుచ్చి, చేప ఉడకలేదనీ, బఠానీలు ముందురోజే నానబెట్టాలనీ, సూపు చల్లారిపోయిందనీ గుండ్రటి అక్షరాలతో రాసింది.

"ఏమీ అనుకోకండి అన్నయ్యా, మంట మరీ ఎక్కువ పెడుతున్నారు" అంది.

యజమాని అది రెండుసార్లు చదివాడు. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"బాగుందన్నవాళ్లు ఒక్కరూ మళ్లీ రాలేదమ్మా. వచ్చేవారం మూసేద్దామనుకున్నాను. ఎందుకిలా అయిందో మాత్రం ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు."

ఆవిడ చేతులు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి నడిచింది. ఆ మధ్యాహ్నమంతా అతనికి మంట తగ్గించడం నేర్పింది. రెండో చేప వచ్చినప్పుడు ప్రూఫ్‌రీడరు కిక్కురుమనకుండా ముళ్లదాకా తిన్నాడు.

సాయంత్రానికి సంగతి వీధంతా పాకింది. అంత ఆశతో హోటలు పెట్టుకున్న మనిషి మొహం మీదే అలా అనేస్తుందా అని పళ్ల డాక్టరు నొచ్చుకున్నాడు. హెడ్మాస్టరు సంస్కారం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాడు.

ఇప్పుడా రెస్టారెంటులో మధ్యాహ్నం చోటు దొరకడం కష్టం. గోడవారన నిలబడి కాచుకున్నవాళ్లంతా, ప్రూఫ్‌రీడరు భార్యకు బొత్తిగా మర్యాద తెలియదని ఏకగ్రీవంగా తీర్మానిస్తుంటారు. కూర్చున్నవాళ్లదీ అదే అభిప్రాయం. నోటినిండా చేప ఉండడం వల్ల వాళ్లు తల మాత్రం ఊపుతారు.