బోడిగుండు మీద ఈత కాలేజీ

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మామూలు పెద్దది కాదు, ఈ చివర బయల్దేరిన కుందేలు ఆ చివరకి చేరేసరికి దాని మనవలకి పెళ్ళిళ్ళయిపోయేంత పెద్ద అడవిలో, ఒక ఈత కాలేజీ ఉండేది. వాగు వచ్చి నిండే మడుగే దాని తరగతి గది. అక్కడ ఈత చెప్పే లెక్చరరు కమఠమ్మ అనే తాబేలు. ఆవిడ దగ్గర చదివిన చిట్టెలుకలు సముద్రాలు దాటాయనీ, ఒక నత్తయితే వరదకి ఎదురీది జలపాతం ఎక్కి కూర్చుందనీ చెప్పుకునేవారు. అందులో సగం తీసేసినా ఆవిడ మంచి మేడమే.

ఆ కాలేజీకి కరస్పాండెంటు అడవికోడి కుక్కుటరావు. తను కూయకపోతే తెల్లవారదని అడవిలో ఎవరూ నమ్మరు గానీ ఆయన మాత్రం గట్టిగా నమ్ముతాడు. ఆయనకి తురాయిబాబు అని ఒక బావమరిది. తినడం, తల దువ్వుకోవడం తప్ప వేరే పని ఎరగడు. ఇంట్లో పెట్టగారు తమ్ముడికో ఉద్యోగం చూడమని పొద్దస్తమానం పోరు పెడుతుంటే, కుక్కుటరావుకి కమఠమ్మ కుర్చీ మీద కన్నుపడింది.

తురాయిబాబుకి నీళ్ళంటే భయమనీ, మంచుబొట్టు మీద పడ్డా కెవ్వుమంటాడనీ ప్రిన్సిపాల్ కొంగ మెల్లిగా గుర్తుచేసింది.

"ఈత వచ్చినవాడు ఈదుకుంటాడు. రానివాడే కదయ్యా చెప్పేది" అన్నాడు కుక్కుటరావు.

కొంగ ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుంది. ఆ ప్రిన్సిపాల్ దేనికైనా ఒప్పుకోవడమంటే అదే.

మర్నాడే కమఠమ్మకి బదిలీ ఉత్తర్వు అందింది. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ఆవిడను బోడిగుండు శాఖకి పంపుతున్నారట, వెంటనే వెళ్ళి చేరాలట. బోడిగుండు అంటే కొండవాలు మీద ఉన్న ఒక పెద్ద బండ. గడ్డిపరక మొలవదు. దాహం వేస్తుందని మేఘాలు కూడా ఆ దారిన పోవు. అక్కడ కాలేజీకి శాఖ ఉందన్న సంగతి ఆ బండకే తెలియదు.

కమఠమ్మ గొడవ పెట్టుకోలేదు. ఉత్తర్వు ఉత్తర్వే కదా, వెళ్ళి చూద్దామని ఆ క్షణమే బయల్దేరింది. బయల్దేరడంలో ఆవిడ ఎప్పుడూ ఆలస్యం చేయదు, చేరడంలోనే కాస్త. ఆవిడింకా గేటు పక్క తుమ్మచెట్టు నీడ దాటలేదు, వెనకాల ఆఫీసులో ఇంకో కాగితం తయారైంది. బోడిగుండు శాఖలో చేరలేదు గనకా, అనుమతి లేకుండా గైర్హాజరయ్యారు గనకా, ఉద్యోగం నుంచి తొలగించడమైనదని. దాన్ని అందించడానికి ప్యూను పిచ్చుకకి ఎగిరే శ్రమ కూడా లేకపోయింది. గేటు మీంచి వంగి చేతికిచ్చేసింది.

అది చదవగానే కమఠమ్మ తలా కాళ్ళూ డిప్పలోకి వెళ్ళిపోయాయి. ఆ మడుగు తప్ప ఆవిడకి ఇల్లు లేదు, ఈత చెప్పడం తప్ప వేరే విద్య రాదు. ఈ వయసులో ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? చీమలు అదేదో రాయనుకుని మీదుగా దారి కూడా వేసుకున్నాయి. చాలాసేపటికి తల బయటికొచ్చింది. అయితే కోర్టులోనే చూసుకుందాం అని ఆ తల అనుకుంది.

అడవిలో వకీలంటే కాకే. పుట్టుకతోనే నల్లకోటు, దానికి తోడు అరిచిందే అరవగల గొంతు. కోర్టంటే ఏనుగు జడ్జిగారు. ఆ కోర్టులో దావా వేసిన గొంగళిపురుగులు తీర్పు వినేనాటికి సీతాకోకచిలుకలై, తమ కేసేమిటో మరిచిపోయి ఎగిరిపోయేవి. కమఠమ్మకి ఆ బెంగ లేదు. తాబేళ్ళకి ఆయుష్షొక్కటీ దండిగా ఉంటుంది.

కుక్కుటరావు ప్రమాణం చేసి దాఖలు చేసిన జవాబు ఎంత తియ్యగా ఉందంటే, చదివే గుమాస్తా చుట్టూ ఈగలు ముసిరాయి. అసలది బదిలీ కాదట, సత్కారమట. బోడిగుండు మీద బ్రహ్మాండమైన చెరువుందట, కలువలున్నాయట, విద్యార్థులు కాలు పెట్టే సందు లేకుండా కిటకిటలాడుతున్నారట. ఆ శాఖకి కమఠమ్మనే అధిపతిని చేసి సర్వాధికారాలూ ఇచ్చారట. ఇంత గౌరవం చేస్తే ఆవిడ కాలదన్నిందట.

కాకి లేచి, బోడిగుండు మీద వానచుక్క పడినా జారిపోతుందే తప్ప నిలవదని మొత్తుకుంది. అసలే మండువేసవి. చెరువన్న మాట వినగానే జడ్జిగారి చెవులు రెండూ చాటల్లా విచ్చుకున్నాయి.

"ఉందో లేదో కోర్టువారే స్వయంగా వచ్చి చూస్తారు" అన్నారు.

కమఠమ్మ ప్రాణం లేచొచ్చింది. ఏనుగంతటివారు వచ్చి ఆ ఉత్త బండను చూస్తే ఇక చెప్పడానికేముంది?

కొంగ మటుకు రెండో కాలు కూడా కింద పెట్టేసింది. కుక్కుటరావు చలించలేదు. తనిఖీ వస్తోందంటే పక్క మడుగుల కప్పల్ని అరువు తెచ్చి తమ విద్యార్థులని కూర్చోబెట్టడం ఆ కాలేజీకి ఏటా ఉన్న ఆచారమే. ఈసారి కాస్త పెద్ద ఎత్తున చేయాలి, అంతే. అడవిలో ఉన్న పందికొక్కులన్నిటినీ పిలిపించాడు. అవి బండ పక్క మట్టిని తవ్విన తవ్వుడికి పాతాళంలో వాళ్ళు ఎవరదీ అని అడిగారట. ఎగువన వాగుకి అడ్డకట్ట వేసి, నీళ్ళన్నీ ఆ గోతిలోకి మళ్ళించారు. కింద మడుగులోంచి కలువదుంపలు పీకి తెచ్చి నాటారు. విద్యార్థుల్ని వరసకట్టించి తోలుకొచ్చారు. శాఖ పేరుతో ఒక బోర్డు పెట్టి, పాతదిగా కనబడాలని దాని మీద బురద పూశారు. జడ్జిగారు అటు వెళ్ళగానే ఇటు అన్నీ యథాస్థానానికి తెచ్చేయాలని ఏర్పాటు.

తనిఖీనాడు కమఠమ్మ ఆయాసపడుతూ గట్టెక్కి చూసింది. ఎదురుగా చెరువు. కలువలు. తను ఈత నేర్పిన పిల్లలే బారులు తీరి కూర్చున్నారు. కళ్ళతో చూసిన అబద్ధాన్ని కాదనడం ఎలా?

గట్టు మట్టి ఇంకా పచ్చిగానే ఉందనీ, బోర్డు మీద బురద ఇంకా కారుతోందనీ కాకి గొంతు చించుకుంది.

"మీ అభ్యంతరం నమోదు చేసుకున్నాం" అని నీళ్ళలోంచి వినబడింది. జడ్జిగారు అప్పటికే చెరువులో దిగిపోయారు. ఆయన తొండంతో చిమ్మిన నీళ్ళకి మూడు కొండల అవతల పంటలు పండాయి. పొద్దుగూకేదాకా ఈదులాడి, గట్టుకొచ్చి, తడి ఆరకముందే తీర్పు చెప్పేశారు.

కనుచూపు మేరలోనే నడుస్తున్న మనిషి గైర్హాజరు ఎలా అవుతుందని ముందు కొంగని నిలదీశారు. ఉద్యోగం తీసేయడం చెల్లదన్నారు. ఇంత చక్కటి చోటికి బదిలీ మాత్రం నూటికి నూరుపాళ్ళూ చెల్లుతుందన్నారు. కరస్పాండెంటు ప్రమాణం చేసి చెప్పారు కాబట్టి ఈ శాఖకి కమఠమ్మే అధిపతి, సర్వాధికారాలూ ఆవిడవే. ఇక్కడి నీటిచుక్క గానీ, కలువ గానీ, కప్పపిల్ల గానీ ఎవరూ కదిలించకూడదు. కోర్టువారు వేసవిలో తరచూ తనిఖీకి వస్తారు.

బదిలీ చెల్లిందన్న ముక్క చెవిన పడగానే కుక్కుటరావు ఆనందం పట్టలేక సాయంత్రం పూట కూసేశాడు. మిగతా ముక్కలు ఆ కూతలో ఆయనకి వినబడలేదు.

కమఠమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఉద్యోగం నిలిచింది గానీ, నా మడుగు పోయిందయ్యా" అంది.

"ఎక్కడికి పోయిందమ్మా? మీకంటే ముందే బదిలీ అయి ఇక్కడికొచ్చి చేరింది" అంది కాకి వకీలు.

ఆవిడ వంగి నీళ్ళను వాసన చూసింది. తన మడుగే. నెమ్మదిగా దిగింది. పిల్లలు గోల చేస్తూ చుట్టుముట్టారు.

కింద పాత కాలేజీలో తురాయిబాబు లాంఛనంగా ఉద్యోగంలో చేరాడు. మడుగు నెర్రెలు విచ్చి, అడుగున చీమలు ఊరేగుతున్నాయి. అతనికి అంతకన్నా కావలసిందేముంది? ఎండిన మడుగులో నిలబడి ఈత చెప్పడానికి అడవి మొత్తంలో అతనంత అర్హుడు లేడు. వినడానికే ఎవరూ లేరు. విద్యార్థులు లేకపోతే ఏం కాలేజీ, కాలేజీ లేకపోతే ఏం కరస్పాండెంటు? చివరికి కుక్కుటరావు తోక వాల్చుకుని బోడిగుండు ఎక్కాడు. పాత మడుగుకి కాసిని నీళ్ళు వదలమని చాలా చుట్టూ తిప్పి అడిగాడు. కావాలంటే తురాయిబాబుని తీసేస్తానని కూడా అన్నాడు.

"నా చేతుల్లో ఏముంది బాబూ, మీరు ప్రమాణం చేసి రాయించుకున్న తీర్పాయె" అంది కమఠమ్మ. "అతన్ని తీసేయకండి, పాపం. ఇక్కడికి పంపండి. చిన్నపిల్లల తరగతిలో ఖాళీ ఉంది, ఈత నేర్పుతాను."

కాబట్టి అబద్ధాన్ని నోటితో ఆడి ఊరుకోండి. కట్టి చూపించారో, అందులో వేరేవాళ్ళు కాపురం పెడతారు.