నక్షత్రాల్లేని బొంత

శనివారం పొద్దున మెరిట్ మూడో పాన్‌కేక్ తింటున్నాడు. ఎదురుగా వాళ్ల నాయనమ్మ వర్నా ఒళ్లో బొంత పరుచుకుని కూర్చుంది. మనవడు చేత్తో బంతి పట్టి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ జట్టులో చేరిన ఏడాది ఆమె చర్చి ఆడవాళ్లందరి ముందూ ఒక మాట అనేసింది. వాడు పట్టిన ప్రతి బంతికీ ఈ బొంత మీద ఒక నక్షత్రం కుడతానంది. నాలుగేళ్లయింది. బొంత తెల్లగానే ఉంది. ఎవరైనా అడిగితే, "ఇది మంచు కప్పిన మన నెబ్రాస్కాలో జనవరి నెల" అని చెప్పి తప్పించుకునేది. రేపు చర్చి విందులో అందరి బొంతలూ గోడకు వేలాడదీస్తారు. ఆఖరి ఆట ఇవాళే.

నిజానికి తప్పు మెరిట్‌ది కాదు. బంతిని గాల్లోకి విసరడమంటే కోచ్ గ్రూబర్‌కి ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది. ఆయన పద్ధతిలో ఆటలోని ప్రతి ఎత్తుకీ, బంతి విసరాల్సిన లైల్ దాన్ని రాస్కో చేతిలో పెడతాడు, రాస్కో పరిగెత్తుతాడు. ఏ వారం చూసినా అంతే. పత్రికలో రాస్కో పేరు పక్కన, ఏడాదిలో బంతితో పరిగెత్తిన దూరం పదిహేను వందల గజాలని అచ్చయ్యేది. విసిరిన బంతిని పట్టడానికి చేరిన మెరిట్ పేరు పక్కన సున్నా. రాస్కో దారికి ఎవరూ అడ్డురాకుండా అవతలివాళ్లను నెట్టడమే అతని పని. పక్క ఊరి కాలేజీలో కోచ్‌కి విసరడం తప్ప ఇంకోటి తెలియదు. అక్కడ మెరిట్ లాంటివాడే ఒకడు ఈ ఏడాది అరవై బంతులు పట్టాడు. వాడి నాయనమ్మకు కుట్టుపని రాదు.

"నాయనమ్మా, కోచ్ ఒప్పుకున్నాడు. మొదటి ఎత్తులోనే ఎడమవైపు నాకు విసురుతారు. ఎవరికీ చెప్పకు."

"నేనెవరికి చెప్తాన్రా?"

ఆమె ఎవరికీ చెప్పలేదు. పాస్టరు భార్య డార్లాకి ఫోన్ చేసి ప్రార్థన చెయ్యమని మాత్రం అడిగింది.

"వివరంగా అడగాలి కదా డార్లా. లేకపోతే దేవుడు ఏ బంతనుకుంటాడో! మొదటి ఎత్తు, ఎడమవైపు, పన్నెండు గజాలు."

ఆ చర్చిలో ప్రార్థన కావాలంటే ఒకరు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి ఫోన్ చేసుకుంటారు. గంటలో మెరిట్ బంతి నలభై వంటిళ్లు తిరిగింది. ముప్పై ఎనిమిదో వంటిల్లు అవతలి జట్టు కోచ్ పెద్దమ్మది. ఆమె కూడా భక్తిగానే ప్రార్థించింది. ఆ తరవాత చెల్లెలి కొడుక్కి ఫోన్ చేసింది.

ఆట మొదలయ్యేసరికి ఎడమవైపు మెరిట్ చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. లైల్ అటు చూశాడు, అలవాటు కొద్దీ బంతిని రాస్కో చేతిలో పెట్టాడు. రాస్కోకి ఎదురుగా మనిషన్నవాడు లేడు. ఎనభై గజాలు పరిగెత్తి, అవతల చివర ఎవరైనా వస్తారేమోనని కాసేపు చూశాడు.

"మెరిట్! బంగారం! నువ్వలాగే నిలబడు, ఇంకేం చెయ్యకు!" అని గ్రూబర్ ఎగిరి గంతేశాడు.

తరవాతి ఎత్తుకి మెరిట్ కుడివైపు వెళ్లాడు. నలుగురూ వెంట వెళ్లారు. రాస్కో మళ్లీ పరిగెత్తాడు. మెరిట్ మంచినీళ్లకు వెళ్తే ఇద్దరు బెంచీ దాకా వచ్చి వరసలో నిలబడ్డారు.

"ఎందుకురా నా వెనకాల? నాకు బంతి రాదు!"

"బంతి వచ్చేవాడే అలా అంటాడు."

"నాలుగేళ్లలో ఒక్కటి రాలేదురా బాబూ! కావాలంటే పత్రిక చూసుకోండి."

"అమ్మో, నాలుగేళ్ల నుంచీ దాస్తున్నార్రా వీణ్ణి!" అన్నాడు రెండోవాడు భయంగా.

సగం ఆటకి నలభై తొమ్మిది–సున్నా. అవతలి కోచ్ మాత్రం తొణకలేదు. "ఇంకా వాడికి విసరలేదు చూశారా? పెద్దమ్మ అబద్ధం చెప్పదు. ఇంకో ఇద్దర్ని పెట్టండి!"

ఆఖరి నిమిషం వచ్చింది. రాస్కో గజాలు ఇవాళ ఒక్కరోజే నాలుగు వందలు దాటాయి. మెరిట్ సున్నా సున్నాగానే ఉంది. వర్నా మెట్లు దిగి కంచె దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్ గ్రూబర్! సండే స్కూల్లో నీకు పాఠం చెప్పింది నేనే. ఇచ్చిన మాట గురించి ఏం చెప్పాన్రా?"

గ్రూబర్ టోపీ తీశాడు. "గుర్తుంది టీచర్. కానీ వాడి చుట్టూ ఆరుగురున్నారండీ."

"గొల్యాతు ఎదురుగా ఉంటే దావీదు రాయి విసిరాడా, పక్కవాడి చేతిలో పెట్టాడా?"

గ్రూబర్ తల వంచుకుని వెనక్కి తిరిగాడు. "లైల్, మెరిట్‌కి విసురు."

లైల్ తన రెండు చేతులూ చూసుకున్నాడు. "నిజంగానా సార్? ఏ చేత్తో?"

ఎత్తు మొదలైంది. ఆరుగురూ ఒక్కసారి మీదికొచ్చేసరికి మెరిట్ ముందుకు వెళ్లే దారి లేక అడ్డంగా పరిగెత్తి, లైల్ ముందు నుంచి పారిపోబోయాడు. లైల్ కళ్లు మూసుకుని బంతిని వదిలాడు. అది జానెడు దూరం ముందుకెళ్లి మెరిట్ కడుపుకు తగిలింది. మెరిట్ దాన్ని పసిబిడ్డలా కావలించుకున్నాడు. ఆరుగురూ అతని మీద పడ్డారు. ఆట అయిపోయింది.

"చేతికిచ్చినట్టే ఉంది," అని డార్లా నిట్టూర్చింది. నక్షత్రం కుట్టడానికి తెచ్చుకున్న దారపుండను వర్నా సంచీలో పెట్టేసుకుంది.

పై గదిలో లెక్క రాసేది ఆల్వినా మేడమ్. ముప్పై ఏళ్లు గణితం చెప్పిన మనిషి. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని మైకులో చెప్పింది: "బంతి చేతిని వదిలింది. ముందుకే వెళ్లింది. జానెడైనా విసిరినట్టే లెక్క. మెరిట్ పట్టిన బంతులు, ఒకటి. ఎత్తు మొదలైన గీతకి నాలుగు గజాలు వెనకే పట్టాడు కాబట్టి, గజాలు, మైనస్ నాలుగు."

జనం కుర్చీలెక్కారు. డెబ్బై–సున్నాతో ఓడిన కోచ్ అందరికంటే గట్టిగా అరిచాడు: "నేను చెప్పలా! వాడికే విసురుతారని నేను చెప్పలా!"

మర్నాడు చర్చి విందులో వర్నా బొంత గోడకు వేలాడింది, ఎప్పటిలాగే తెల్లగా.

"అదేంటి వర్నా, నిన్న ఒకటి పట్టాడుగా? నక్షత్రమేది?" అంది డార్లా.

వర్నా బొంత అంచు పట్టుకుని తిప్పి చూపించింది. వెనకవైపు, కింది మూలన, ఒక చిన్న పసుపు నక్షత్రం ఉంది.

"మైనస్ నాలుగు కదా," అందామె, "ముందువైపు కుడితే అబద్ధమాడినట్టవుతుంది."