గంజి పెట్టిన జుట్టు

పీయూసీ, అంటే మన ఇంటర్, చదువుతున్న పిల్లలందరూ ఎంట్రన్స్ ముగిసేదాకా తలకు రెండు పక్కలా నున్నగా గీయించుకుని, నడిమి జుట్టును పుంజు తురాయిలా నిలబెట్టుకోవాలని బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆడపిల్లలకు మినహాయింపు లేదు. ఈ సత్సంప్రదాయాన్ని ప్రారంభించిన ఘనత నాలుగో అంతస్తు వర్షిణిది. ఆ ఘనత ఆ పిల్లకు బొత్తిగా గిట్టలేదు.

వర్షిణి కాలేజీలో ఎవరితోనూ పొసగని పిల్ల. అలాంటివాడే పక్క బ్లాకు శామ్యూల్. ఇద్దరూ కలిసి పంక్ బ్యాండు పెట్టారు. పంక్ అంటే మరేం లేదు, సంగీతం రాకపోయినా కోపం వస్తే చాలు. వర్షిణికి కోపం దండిగా ఉంది. ఎంట్రన్స్ రాయడం ఆమెకు ఇష్టం లేదు. ఆ ముక్క నోటితో చెప్పే ధైర్యం లేక తలతో చెబుదామని బొమ్మనహళ్ళి సెలూన్‌కు వెళ్ళి పక్కలు గీయించుకుంది. ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, తిట్ల కోసం ఆశగా ఎదురుచూసింది.

తల్లి నళిని నోరు తెరిచేలోపే అవ్వ సొన్నమ్మ చేతులు జోడించింది.

“మొక్కుకున్నావా అమ్మణ్ణీ! సీటు కోసరమేనా? పక్కలు ఇప్పుడిచ్చి, నడిమిది సీటొచ్చినాక కొండలో ఇస్తావు. ఎంత భక్తి ఉండాది నీకు!”

“అవ్వా, ఇది పంక్.”

“ఏ దేవుడైతే ఏమిలే.”

జుట్టు నిలబడడానికి అవ్వే గంజి కాచిచ్చింది. చొక్కా నిండా పిన్నీసులు గుచ్చుకుంటే, తన గాజులకున్నవి కూడా తీసిచ్చింది.

ఆ వారం మాక్ టెస్టులో వర్షిణికి, ఖర్మకొద్దీ, మంచి మార్కులొచ్చాయి. ఇక చూడండి. లిఫ్టులో కలిసిన ప్రతి తల్లీ నళినిని సెలూన్ అడ్రసు అడిగింది. శామ్యూల్ తల్లి మార్త గుణదల మాత పేరు చెప్పి కొడుకును తనే వెంటబెట్టుకెళ్ళింది. తిరగబడదామని వాడు కూడబెట్టుకున్న ధైర్యమంతా వృథా అయింది. ఒక కోచింగ్ సెంటరు ఫీజుతోపాటు కటింగు ఉచితమని ప్రకటించింది.

సంఘం వార్షికోత్సవంలో బ్యాండును ‘యువ భక్తి విభావరి’గా పిలిచారు. “మీ దారి మాకొద్దు!” అని వర్షిణి గొంతు చించుకుంటే పెద్దలు కళ్ళు మూసుకుని తాళం వేశారు. ఆమెకు దుఃఖం ఆగలేదు.

“ఇది మొక్కు కాదు! నాకు నచ్చి గీయించుకున్నా. ఎంట్రన్స్ నేను రాయను!”

హాలు గతుక్కుమంది. “నచ్చడమేంటే? నీకేం నచ్చాలో మేం చూసుకోవట్లేదా?” అని నళిని అరిచింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన తిట్టు చివరికి అందింది. తీరా అందాక వర్షిణికి భయమేసింది. డ్రమ్ముల వెనకున్న శామ్యూల్ వైపు చూసింది.

అధ్యక్షులు గురుమూర్తి గారు మైకు అందుకున్నారు.

“తల్లిదండ్రులారా, ఆందోళన వద్దు. ఇది ఒక్క ఫ్లాటుకే పరిమితమైన సమస్య. మీ ఎదుటే విచారిస్తాను. పిల్లలూ, మీలో ఎవరైనా నచ్చి గీయించుకున్నారా?”

“లేదంకుల్.”

“నచ్చి ఈ చదువు చదువుతున్నారా?”

“లేదంకుల్!” అన్నారు అందరూ, ఇంకా గట్టిగా. మార్త చూస్తుండడంతో శామ్యూల్ కూడా అన్నాడు.

చప్పట్లు మోగాయి. కన్నవాళ్ళ కళ్ళు చెమర్చాయి. పిల్లలందరూ బుద్ధిగా తలలు వంచుకుని నిలబడ్డారు. గంజి పెట్టిన జుట్లు మాత్రం వంగలేదు.