వాగియెం మోనాస్ ఎక్కిన వైనం

ఆ శనివారానికి వాగియెం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు జకార్తాలోని మోనాస్ స్తంభం పైకి లిఫ్టులో వెళ్ళాలి, కిందికి చూడాలి, ఒక ఫోటో దిగాలి. అరవై రెండేళ్ళ మనిషి ఇంతకంటే తక్కువ ఏం కోరుకుంటుంది?

ఆ కోరికకు కారణం తుకినా. క్లాతెన్ ఊళ్ళో వాగియెం ఇంటికి ఎదురిల్లు ఆవిడది. పన్నెండేళ్ళ కిందట ఒకసారి ఆ స్తంభం ఎక్కింది. అప్పట్నుంచీ దిగలేదు. టీ తాగుతున్నా, ఎవరినైనా పరామర్శించడానికి వెళ్ళినా "పైనుంచి చూస్తే..." అని మొదలుపెట్టేది. వాగియెం నోరు తెరిస్తే చాలు, "నువ్వు ఎక్కలేదుగా వదినా, నీకు తెలీదులే" అనేది. పన్నెండేళ్ళు ఆ మాట పడ్డ మనిషికి అది షికారు కాదు, పరువు.

అందుకే వీధి మహిళా సంఘం జకార్తా యాత్ర అనగానే మొదటి పేరు ఆవిడే ఇచ్చింది. యాత్రకు పెద్ద తుకినాయే. మనుషుల్ని లెక్కపెట్టడం, ఈల ఊదడం ఆవిడ పని. ముప్పై మందికీ ఒకే రకం బతిక్ బట్టలు కుట్టించారు, ఆకుపచ్చ మీద పసుపు నెమళ్ళు. "ఈ రకం మీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వను" అని సోలో నగరం బజారులో షావుకారు గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. అదే వారంలో ఆ చెయ్యి గుండె మీదికి మరోసారి వెళ్ళిందని వీళ్ళకు తెలియదు.

తెల్లవారేసరికి బస్సు జకార్తా పొలిమేరల్లో, దూరపు బస్సులన్నీ ఆగే చోట ఆగింది. అందరూ స్నానాలు చేసి నెమళ్ళు తొడుక్కున్నారు. వరసలో చివరిది వాగియెం. ఫోనూ సంచీ బస్సులోనే ఉన్నాయి. వాంతులు రాకుండా వేసుకున్న మాత్ర మత్తు అప్పుడే ఎక్కడం మొదలుపెట్టింది. బయటికొచ్చేసరికి ఎదురుగా పసుపు నెమళ్ళ వీపులు బస్సెక్కుతున్నాయి. ఎవరో చెయ్యి అందించారు.

"రండి పెద్దమ్మా! మీ కోసమే ఆగాం."

మన సంఘానికి ఇంత మర్యాద ఎప్పుడొచ్చిందా అనుకుంటూనే ఆవిడ సీట్లో కూలబడి నిద్రపోయింది.

మళ్ళీ పూర్తిగా తెలివొచ్చేసరికి పెళ్ళివారి గదిలో ఉంది. ఒకమ్మాయి మొహానికి పౌడరు దట్టిస్తోంది.

"మీరేగా సమింతెన్ పెద్దమ్మ?"

"అవునమ్మా, కానీ..."

ఇక్కడ మా జావా వాళ్ళ సంగతి ఒకటి చెప్పుకోవాలి. మేం ఎవరి మాటనూ మొహం మీద కాదనం. ముందు అవునంటాం. కాదన్న సంగతి తర్వాత, ఎదుటివాళ్ళు నొచ్చుకోకుండా, తీరిగ్గా చెబుతాం. పద్ధతి మంచిదే. చిక్కల్లా ఆ తీరిక దొరకాలి.

"అమ్మయ్య! మీరు రారేమోనని మీ తమ్ముడు హర్జోనో గారు ఒకటే కంగారు. పదిహేనేళ్ళ తర్వాత గడప తొక్కుతున్నారు మరి. పెళ్ళికూతురికి తల్లి లేదుగా, ఆ కుర్చీలో మీరే కూర్చోవాలి."

"అయ్యో పాపం, అలాగే. కానీ పదకొండింటికి నేను మోనాస్ దగ్గర..."

"ఈ కిటికీలోంచి కనిపిస్తుంది పెద్దమ్మా. కదలకండి, కనుబొమ్మ వంకరపోతుంది!"

నిజంగానే కనిపించింది. మిద్దెల వెనకాల, దూరంగా, చిటికెన వేలంత.

పదిన్నరకు వాగియెం వేదిక మీద కూర్చుంది. మొహం మీద రంగు ఎంత మందంగా ఉందంటే కన్నతల్లి వచ్చినా గుర్తుపట్టేది కాదు. పెళ్ళికూతురు లారస్ ఆవిడ మోకాళ్ళ మీద తల ఆన్చి ఏడ్చింది. ఆ వెనకే ఆ పిల్ల తండ్రి హర్జోనో వచ్చి మోకరిల్లాడు. ఫోటోల కోసం ఆయన కళ్ళజోడు తీసేశాడు. అది లేకపోతే ఆయనకు మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు.

"అక్కా! నీకు చెప్పకుండా నాన్న బీరువా తెచ్చేసుకోవడం తప్పే. క్షమించానని ఒక్క మాట అను."

మైకు వాగియెం నోటి దగ్గరికొచ్చింది. నాలుగు వందల మంది ఊపిరి బిగబట్టారు. గడియారం పదకొండుకు పది నిమిషాలు చూపిస్తోంది. నిజం చెప్పేద్దామనే అనుకుంది. కానీ ఆ పెద్దమనిషి కన్నీళ్ళు పాదాల మీద పడుతున్నాయి. ఆవిడకూ ఏడుపొచ్చింది. సగం ఆయన కోసం, సగం లిఫ్టు కోసం.

"క్షమించాను నాయనా" అంది.

హాలంతా చప్పట్లు. పదకొండు కొట్టేసరికి ఆవిడ పెళ్ళికూతురికి ముద్దలు పెడుతోంది.

మధ్యాహ్నం భోజనాల వేళ తలుపు దగ్గర ఈల వినిపించింది. తుకినా! వెనక ఇరవై ఎనిమిది నెమళ్ళు, ముందు ఎవరో తెలియని ఆడమనిషి. ఆ మనిషి తిన్నగా వేదిక ఎక్కింది.

"ఒరే హర్జోనో, కళ్ళజోడు పెట్టుకో!"

పెట్టుకున్నాడు. నోరు తెరుచుకుంది.

అసలు సమింతెన్ ఆవిడ. ఉదయం తను ఎక్కవలసిన పెళ్ళి బస్సు చూడగానే బీరువా గుర్తొచ్చి ఒళ్ళు మండింది. పక్కన అవే బట్టలవాళ్ళ బస్సు ఇంకొకటి కనిపిస్తే కావాలనే అందులో ఎక్కి కూర్చుంది. తుకినా మొహాలు చూడలేదు, నెమళ్ళను లెక్కపెట్టింది. ముప్పై ఉన్నాయి. ఈల ఊదింది. తీరా స్తంభం పైన "చూశావా వదినా!" అని భుజం తడితే, తిరిగిన మొహం వేరు. "మీ మనిషి మా పెళ్ళిలో ఉండి ఉంటుంది" అని సమింతెనే దారి చూపించింది.

"నా పేరు మీద ఈవిడేమంది?"

"క్షమించానన్నారు అత్తయ్యా. వీడియో కూడా ఉంది" అంది లారస్ భయంభయంగా.

సమింతెన్ ఆ పిల్లను చూసింది, ఖాళీ అయిన తల్లి కుర్చీని చూసింది. "ఇంతమంది విన్నాక ఇంకేం చేస్తాం" అంటూ అందులో కూర్చుంది. "బీరువా మాత్రం నాదే."

"నీదే అక్కా!"

మోనాస్ టికెట్లు ఆ రోజుకు అయిపోయాయి. తిరుగు బస్సులో వాగియెం బొటబొటా కన్నీళ్ళు కార్చింది. తుకినా పక్కకొచ్చి కూర్చుని, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించింది.

"వదినా, నీకు దణ్ణం పెడతాను. జకార్తాలో మనిషిని పోగొట్టానని వీధిలో తెలిస్తే నేనెక్కడ తలెత్తుకోను? పైన తీసిన ఫోటోలో ఆవిడ వీపే పడింది. అచ్చం నీలాగే ఉంది. ఎక్కింది నువ్వేనని చెబుదాం."

పక్కన కూర్చున్నదెవరో పొద్దున్నుంచీ చూసుకోని మిగతావాళ్ళు కూడా కిటికీల్లోంచి బయటికి చూశారు. వాగియెం ఏడుపు ఆపి కళ్ళు తుడుచుకుంది. "అవును వదినా" అంది. ఈసారి 'కానీ' అనలేదు.

మరుసటి నెల సంఘం కూడినప్పుడు వీధి పెద్దగారి భార్య అడిగింది. "ఏం వాగియెం, మొత్తానికి ఎక్కావా? పైనుంచి ఎలా ఉంది?"

వాగియెం మా జావా మర్యాద ప్రకారం వినయంగా బొటనవేలితో తుకినా వైపు చూపించింది. "నేను ఎంత చెప్పినా గొప్పలు పోయినట్టుంటుంది. ఆవిడే చెబితే బావుంటుంది."

తుకినా చేతిలో టీ కప్పు కింద పెట్టింది. "ఎక్కింది. నా పక్కనే నిలబడింది. నాకంటే... నాకంటే ధైర్యంగా నిలబడింది."

ఇప్పుడు కూడా తుకినా స్తంభం ఎక్కుతూనే ఉంది, కాకపోతే ఎక్కినప్పుడల్లా వాగియెంను వెంటబెట్టుకుని ఎక్కుతోంది.