మీ ఇష్టమే శాసనం

ఇకమీదట క్యాన్సర్ రోగికి ఏ మందు పడాలో నిర్ణయించేది డాక్టరు కాదు, ప్రభుత్వం కాదు, సాక్షాత్తూ రోగేనని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. పథకం పేరు ‘మీ ఇష్టమే శాసనం’. ప్రపంచంలో ఎవరికీ తట్టని ఈ ఆలోచన తనకు స్నానం చేస్తుండగా తట్టిందని ఆయన వినయంగా చెప్పుకున్నారు.

తన ఇష్టాన్ని మొట్టమొదట వెల్లడించే అదృష్టం పెద్దాసుపత్రి వెనక వీధిలో ఒంటికుర్చీ సెలూన్ నడిపే బార్బర్‌కి పట్టింది. వీధిలో అందరూ అతన్ని మెత్తచెయ్యి అంటారు. అతని కత్తి కింద పోలీసు అధికారులే గురకపెట్టి నిద్రపోయారు. అతని పేగులోని క్యాన్సర్ గడ్డని ఆపరేషన్ చేసి తీసేశారు. మళ్లీ రాకుండా ఇప్పుడు మందు పడాలి.

మందులు రెండున్నాయని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పెద్దమందు పడితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఇంకాస్త తగ్గుతుంది. కానీ వేళ్లు మొద్దుబారతాయి, స్పర్శ తిరిగొస్తుందని పూచీ లేదు. చిన్నమందులో ఆ కాస్త లాభం ఉండదు, చేతులు మాత్రం మిగులుతాయి.

భార్య పెద్దమందే అంది. మనిషుంటే చాలు, చేతులెందుకంది. కొన్నాళ్లు ఇంట్లో ఇదే గొడవ. చివరికి ఒకరోజు సెలూన్‌కొచ్చి, అతను ఓ ముసలాయన ముడతల గడ్డాన్ని చంటిబిడ్డ చెంపలా తడుముతూ గీస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది. చిన్నమందే పడదాంలే అంది. అతనికి ఏడుపొచ్చింది.

పథకం ప్రారంభ సభకి రిహార్సల్ చేయించడానికి వచ్చిన మంత్రిగారి కార్యదర్శి ఈ నిర్ణయం విని దిగాలుపడ్డాడు.

“ఇష్టం పూర్తిగా మీదేనండీ. కాకపోతే అదేదో మాకు ముందే తెలియాలి కదా. ‘మృత్యువుతో పోరాడే వీరుడు’ అని ఫ్లెక్సీలు కొట్టించేశాం. చిన్నమందు వేసుకుని వీరుడంటే జనం నవ్వరూ?”

“నా బతుకంతా ఈ వేళ్లలోనే ఉందండీ.”

“అందుకేగా మిమ్మల్ని అడుగుతున్నది.”

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ అడిగేవాడికి చెప్పేవాడు లోకువయ్యాడు.

సభ రోజున వేదిక మీద రెండు మీటలు అమర్చారు. మెత్తచెయ్యి చిన్నమందు మీట నొక్కాడు. దీపం వెలగలేదు. మళ్లీ నొక్కాడు. దానికి అసలు వైరే లాగలేదు; లాగమని ఎలక్ట్రీషియన్‌కి ఎవరూ చెప్పలేదు. మంత్రిగారు కన్నతండ్రిలా ముందుకొచ్చి, ఆ చేతిని పట్టుకుని పక్క మీట మీద పెట్టి అదిమారు. దీపాలు వెలిగాయి, బ్యాండు మోగింది, కాగితం పూలు రాలాయి. రోగులకు ఇంతటి స్వేచ్ఛ ఏ కాలంలోనూ లేదని మంత్రిగారు గద్గద స్వరంతో అన్నారు.

మర్నాడు మెత్తచెయ్యి డాక్టరమ్మ దగ్గర మొత్తుకున్నాడు. ఆమె పైవాళ్లతో గట్టిగానే వాదించింది. వేలమంది సాక్షిగా వెల్లడైన రోగి ఇష్టాన్ని మార్చే అధికారం ఎవరికీ, చివరికి రోగికి కూడా, లేదని జవాబొచ్చింది.

పెద్దమందు పడింది. జబ్బు జాడ ప్రస్తుతానికి లేదు. వేళ్లలో స్పర్శ జాడా లేదు. సలసల మరిగే నీళ్లలో బ్రష్షుతోపాటు చెయ్యి కూడా ముంచి అలాగే నిలబడితే భార్య చూసి లాగేసింది. అప్పట్నుంచి గడ్డాల పని మానేసి, మెషిన్‌తో జుట్టు మాత్రం కత్తిరిస్తున్నాడు.

పథకం వార్షికోత్సవం వచ్చింది. వీరుడి చేత గడ్డం గీయించుకుంటానంటూ మంత్రిగారు కెమెరాలతో సహా వేంచేసి ఒంటికుర్చీలో ఆసీనులయ్యారు. మెత్తచెయ్యి నురుగు పట్టించాడు. కత్తి తెరిచి ఆయన గొంతు దగ్గరకు తెచ్చి ఆపాడు.

“సార్, గీస్తే మీ ముఖం కళకళలాడుతుంది, అది లాభం. నష్టమేంటంటే, నా వేళ్లకి స్పర్శ లేదు. కత్తి చర్మం మీదుందో, లోపలికి దిగిందో నాకు తెలీదు. రెండూ చెప్పాను. ఇక మీ ఇష్టం.”

రిహార్సల్ ఏదీ లేకుండానే మంత్రిగారు తమ ఇష్టాన్ని వెల్లడించారు. ఆయన నురుగుతోనే కారెక్కారు.

మర్నాడు పేపర్లో ప్రకటన వచ్చింది. క్యాన్సర్ రోగులకు సంఘీభావంగా మంత్రిగారు గడ్డం పెంచుతున్నారు. శాఖ సిబ్బంది యావన్మందీ స్వచ్ఛందంగా గడ్డాలు పెంచాలి. ఇష్టం లేనివారు తగిన కారణాలతో ముందుగా తెలియజేయాలి. మహిళా సిబ్బందికి మినహాయింపు పరిశీలనలో ఉంది.

ఆ ప్రకటన మెత్తచెయ్యికి భార్య చదివి వినిపించింది. పేపరు పేజీ తిప్పడం అతనికి ఇప్పుడు చేతకావడం లేదు.